కట్టేయని గాడిదను చూడాలన్న మా మామ

గత మంగళవారం పొద్దున మా మామ చనిపోయారు. నేను బడిలో ఎనిమిదో తరగతికి నదుల పాఠం చెబుతుండగా మా ఆయన ఫోన్ చేశాడు. "నాయన పోయినాడు, రా," అన్నాడు. హెడ్మాస్టరుకు చెప్పి బయటపడ్డాను. చాక్‌పీసు ఇంకా చేతిలోనే ఉందని ఆటో ఎక్కాక గానీ చూసుకోలేదు.

రెండు దోసెలు తిని, కాఫీ తాగి వరండాలో కుర్చీలో కూర్చున్నారట. గ్లాసు తీసుకుపోదామని మా అత్త వచ్చేసరికి తల పక్కకు వాలిపోయి ఉందట. డెబ్బై ఆరేళ్ళు. మంచం పట్టలేదు, ఎవరినీ కష్టపెట్టలేదు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నిజమే.

ఇల్లు చేరాక నేను మొదట చేసిన పని వడమాలపేటకు ఫోన్ చేయడం. అక్కడ మామకు యాభై ఏళ్ళ నాటి స్నేహితుడు ఒకరు ఉన్నారు. ఇంట్లో అందరం ఆయన్ను వడమాలపేట పెద్దాయన అంటాం. విషయం చెప్పాను.

"తినే పోయినాడా పాపా?" అని అడిగారు.

"రెండు దోసెలు తిన్నారు."

"అయితే సరే. వస్తాండా," అని పెట్టేశారు.

బస్సులు మారి మధ్యాహ్నానికి పలమనేరు వచ్చారు. ఏడవలేదు. మామ తలవైపు నేలమీద కూర్చుని, ఎత్తేదాకా అక్కడి నుంచి లేవలేదు.

మా మామ పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. మొదటి ఉద్యోగం వడమాలపేట, చివరిది పలమనేరు. పలమనేరు చుట్టుపక్కల పాడి ఎక్కువ. డాక్టరు లేని రోజున ఆయనే డాక్టరు, డాక్టరు ఉన్న రోజున కూడా రైతులు ముందు ఆయన్నే వెతుక్కునేవారు. చొక్కా విప్పి, చేతికి భుజం దాకా సబ్బు రాసుకుని, కడుపులో అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి తీసేవారు. ఎవరింటికి వెళ్ళినా ఆయన చూపు ముందు కొట్టం మీదికి పోయేది, తర్వాత మనుషుల మీదికి. నా పెళ్ళిచూపులకు వచ్చిన రోజున మా నాయన కుర్చీ వేసి రమ్మంటుంటే, "ఒక్క నిమిషం అప్పా," అని దొడ్లోకి పోయి మా బర్రె పొదుగు తడిమి వచ్చారు. "ఎనుముకు పాలు గడ్డ కట్టినాయి, వేణ్ణీళ్ళు పెట్టండి," అన్నారు. ఆ తర్వాతే నన్ను చూశారు. బర్రెకు నయమైంది. సంబంధం కూడా కుదిరింది.

ఆయన మాటలు కొన్ని నాకు బడిలో పనికొచ్చాయి. "జంతువుకు ఎదురుగా పోవద్దు పాపా, పక్క నుంచి పో. ముందు నీ వాసన దానికి తెలియనీ, తర్వాత చెయ్యి పెట్టు," అనేవారు. మొండి పిల్లల దగ్గరికి నేను అలాగే వెళ్ళేదాన్ని. "నొప్పి యాడుండాదో గొడ్డు చెప్పదు, కానీ దాయదు," అని ఇంకోమాట. మనుషులు దాస్తారని ఆయన అనలేదు. అది ఆయన విషయంలోనే నాకు తర్వాత తెలిసింది.

వడమాలపేటలో కొత్త ఉద్యోగంలో ఉన్నప్పుడే పెద్దాయనతో స్నేహం. ఇద్దరికీ వేట పిచ్చి. ఆదివారం తెల్లవారగానే వేరుశనగ చేలల్లో కుందేళ్ళకు వల, మధ్యాహ్నం చెరువులో చేపలకు గాలం. మామది చూపు. ఆకుల మధ్య కుందేలు చెవి కొనలు ఎంత దూరం నుంచైనా పట్టేవారట. పెద్దాయనది చెయ్యి. వల ఆయన విసిరితే తప్పేది కాదట. నాలుగేళ్ళ తర్వాత ఒక ఆదివారం మామ వేటకు రానన్నారు, మళ్ళీ ఎప్పుడూ పోలేదు. ఎందుకని నేనొకసారి అడిగాను. పెద్ద కథ ఏదో ఉంటుందని ఎదురుచూశాను.

"వారమంతా సూదేసి బతికించేది, ఆదివారం పోయి సంపేది. రెండూ ఒకే చేత్తో కుదర్లేదు పాపా," అన్నారు. అంతే.

ఇక గాడిదల సంగతి. మామ రిటైరైన కొన్నేళ్ళకు, చిత్తూరు నుంచి బెంగళూరు పోయే రోడ్డు మీద మా వీధి మలుపు దగ్గర గుజరాత్ లారీ ఒకటి చెడిపోయింది. విడిభాగం వచ్చేదాకా మూడు రోజులు డ్రైవరు మా వరండాలోనే భోంచేశాడు. మామకు రైతుల దగ్గర నేర్చుకున్న ఉర్దూ వచ్చు కాబట్టి మాటలు బాగానే కలిశాయి. డ్రైవరుది కచ్ రణ్ అంచున ఒక పల్లె. చెట్టు లేని, గుట్ట లేని ఉప్పునేల. వానాకాలం సముద్రం నీళ్ళు వచ్చి కమ్ముకుంటాయి, తర్వాత ఎండిపోయి పెంకులా పగులుతుంది. ఆ నేల మీద అడవి గాడిదలు తిరుగుతాయని, పరుగు పెడితే లారీకి కూడా అందవని అతను చెప్పాడు.

లారీ వెళ్ళిపోయింది. మామకు మాత్రం ఆ మాట ఉండిపోయింది. ఆయన సర్వీసంతా చాకలివాళ్ళ గాడిదలకు మందు వేసినవారు. గాడిదకు మందేసే కాంపౌండరని ఆసుపత్రిలో తోటివాళ్ళు నవ్వేవారట.

"ఆవుకు మొక్కుతారు. ఎద్దుకు కొమ్ములకు రంగేస్తారు. గాడిదను మాత్రం తిట్టేదానికి పెట్టుకున్నారు," అన్నారు ఒకరోజు నాతో. "నేను సూసిన గాడిదలన్నీ ముందరికాళ్ళకు బంధం ఏసినవే. కట్టేయని గాడిద ఎట్లుంటాదో ఒకసారి సూడల్ల పాపా."

మా ఆయనకు చెబితే నవ్వాడు. మా అత్త, "కాశీకి పోదామంటే మోకాళ్ళ నొప్పులు, గాడిదల దగ్గరికి పొయ్యేదానికి నొప్పుల్లేవు," అంది. నేను సోషల్ టీచర్ని. బడి నుంచి అట్లాసు తెచ్చాను. ఆదివారం పొద్దున పూట వరండాలో కూర్చుని ఇద్దరం దారి వెతకడం మొదలుపెట్టాం. రేణిగుంటలో రైలెక్కి అహమదాబాదు దాకా, అక్కడి నుంచి జీపు. ఆ నేల దాటడానికి అటవీశాఖ అనుమతి కావాలి, వానాకాలంలో రానివ్వరు. డిసెంబరు అయితే నేల ఎండుతుంది, చలి కూడా మరీ ఉండదు. ఆ పక్క పల్లెలో ఇంట్లో గది ఇచ్చి భోజనం పెట్టేవాళ్ళను వెతికి ఉత్తరాలు రాశాను. నేను చదివేదాన్ని, ఆయన వినేవారు. విన్నది ఒక్కటీ మరిచేవారు కాదు. నేను చదవడం ఆయనకు ఇష్టమని అనుకున్నాను.

జూలైలో ఒక ఆదివారం పొరపాటున వేరే పేజీ తెరిచాను. గుజరాత్ బదులు బెంగాల్. గమనించక, "మనం పోయే ఊరు ఎక్కడ మామా?" అని అడిగాను. ఆయన నమ్మకంగా వేలు పెట్టి, "ఇదో, ఈడ, సముద్రం నోరు తెరిచిన కాడ," అన్నారు. ఆ వేలు సుందరబన్ అడవుల మీద ఉంది.

నేను పేజీ వైపు చూశాను, ఆయన వైపు చూశాను. ఆయనకు అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి మామా?"

"రెండేండ్లుగా. పక్కలు అగపడవు. నడుమ గొట్టంలోంచి సూసినట్ల ఉంటాది. అదీ పొగ మాదిరి." "మీ అత్తకు చెప్పొద్దు, ఇంకెవరికీ చెప్పొద్దు," అన్నారు.

తిరుపతిలో కంటి డాక్టరుకు చూపించాను. మోకాళ్ళ నొప్పుల మందులకని అత్తకు చెప్పి వెళ్ళాం. కంటిలో ఒత్తిడి పెరిగి నరం ఎండిపోతోందని, పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవడానికి చుక్కలు వేయాలని డాక్టరు చెప్పింది. చిన్న వయసు పిల్ల. మామ ఆమెను ఒక్కటే ప్రశ్న అడిగారు.

"డిసెంబరు దాకా ఉంటాదా అమ్మా?"

ఆమె ఏమనుకుందో గానీ, "చెప్పలేం తాతా. చుక్కలు మానకండి," అంది.

ముందే వెళ్దామంటే ఆ నేల మీద ఇంకా నీళ్ళు ఉన్నాయి. అక్టోబరు దాకా దారి తెరవరు. మామ రోజుకు రెండుసార్లు చుక్కలు వేయించుకుంటూ, అక్కడ వానలు ఎలా ఉన్నాయో ఫోన్‌లో చూసి చెప్పమని నన్ను అడిగేవారు. అంత దూరంలో ఎక్కడో వాన తగ్గిందంటే మా ఇంట్లో ఒక మనిషి హాయిగా అన్నం తినేవారు.

వడమాలపేట పెద్దాయనను కూడా రమ్మని పిలిచింది మామే. కళ్ళ సంగతి మాత్రం చెప్పలేదు. పిలిచేటప్పుడు ఏం చెప్పారో, ఆయన ఏం విన్నారో గానీ, సెప్టెంబరులో ఒక శనివారం పెద్దాయన గోనెసంచితో దిగారు. వరండాలో సంచి విప్పితే విసురువల, రెండు గాలాలు, కౌజుపిట్టలకు పెట్టే ఉచ్చులు ఒక కట్ట.

"ఎడారి అంటే కౌజులు శానా ఉంటాయి అబ్బా. చెవులపిల్లులు కూడా ఉంటాయి. మల్ల మనకు పాత దినాలే," అన్నారు. కుందేలును ఆయన ఎప్పుడూ చెవులపిల్లి అనే అంటారు.

మామ చేత్తో తడిమి ఉచ్చుల కట్ట పక్కకు పెట్టారు. "ఇవి వద్దప్పా. అది కాపలా అడవి. జైల్లో ఏస్తారు."

"ఎవరు సూస్తారు? పోనీ చేపలు?"

"నీళ్ళుండవు ఆ నెలకు."

"వేటా ల్యా, చేపలూ ల్యా. మరి దేనికి పోయేది అంత దూరం?"

"సూసేదానికి."

"గాడిదల్నా?" పెద్దాయన గొంతు పెరిగింది. "గాడిదల్ని సూసేదానికి మూడు దినాలు రైల్లో పోవల్నా? నువ్వు వేట మానేసిన దినం కూడా ఇట్లే, ఒక్క మాట చెప్పకుండా మానేస్తివి. నేను వల పట్టుకోని చేన్లో నిలబడి సూస్తా ఉంటి. పొద్దెక్కినా రాకపోతివి. నన్నేమన్నా మనిషి కింద ఎంచితివా?"

అన్నేళ్ళ కిందటి ఆదివారం ఆయనలో అలాగే ఉందని మాకెవరికీ తెలియదు. మామకు కూడా తెలియనట్టుంది. పెద్దాయన సంచి కట్టుకుని, అత్త పిలుస్తున్నా అన్నం తినకుండా బస్టాండుకు వెళ్ళిపోయారు.

నెల రోజులు మాటల్లేవు. మామ ప్రయాణం మానుకుందామన్నారు. "నువ్వొక్కదానివి నన్ను ఎట్ల తీసకపోతావు?" అన్నారు. అడిగింది నన్ను గానీ, ఆయన ఎదురుచూస్తున్నది వడమాలపేట నుంచి ఫోన్ కోసం. కళ్ళ సంగతి ఎవరికీ చెప్పనని ఆయనకు ఇచ్చిన మాట తప్పాలని అప్పుడు నిర్ణయించుకున్నాను. దసరా సెలవుల్లో చెప్పకుండా వడమాలపేట వెళ్ళాను.

పెద్దాయన మామిడితోటలో పాదులు తవ్విస్తున్నారు. కుర్చీ తెప్పించారు, మజ్జిగ ఇప్పించారు, మామ గురించి మాత్రం అడగలేదు. నేనే మొదలుపెట్టాను. వేట ఎందుకు మానేశారో మామ నాతో అన్నది చెప్పాను. కళ్ళ సంగతి చెప్పాను. అట్లాసులో వేలు ఎక్కడ పెట్టారో కూడా చెప్పాను.

ఆయన చెట్ల వైపు చూశారు.

"ఆ కండ్లకా," అన్నారు. "అర మైలు దూరంలో చెవులపిల్లి కూసోని ఉంటే చెప్పేవాడు పాపా. నాకు మన్ను తప్ప ఏమీ అగపడేది కాదు." తర్వాత లేచి తువ్వాలు దులుపుకున్నారు. "రైలు ఎప్పుడు? నాకు తెలిసినట్ల వానికి చెప్పొద్దు. చెప్తే నామోషీ పడతాడు."

అలా మేం ముగ్గురం డిసెంబరులో బయలుదేరాం. ఈసారి పెద్దాయన సంచిలో వేరుశనగల కారప్పచ్చడి ఊరిబిండి, రాగిపిండి తప్ప ఏమీ లేవు. రైల్లో మామ కిటికీ పక్కన కూర్చున్నారు. పెద్దాయన ఎదురుగా కూర్చుని, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు బయట కనపడేదంతా పైకి చెప్పడం మొదలుపెట్టారు. "గుట్ట. ఇంగొక గుట్ట. పత్తి చేను. ఒకామె ఎర్ర చీర కట్టుకోని పోతాండాది. కాదు, నారింజ." రెండు రాష్ట్రాలు దాటేదాకా ఇదే.

చివరికి మామ, "నీకు పాప చెప్పింది గదప్పా?" అన్నారు.

"ఏం చెప్పింది?"

"నువ్వు పుట్టినప్పటి నుంచి ఒక చీర రంగు సూసి ఎరగవు."

ముగ్గురం ఒకేసారి నవ్వాం. ఆ తర్వాత దాపరికం లేకపోయింది. ఏమీ కనిపించనప్పుడు మామే, "ఏమప్పా, నోరు పడిపోయిందా?" అని అడిగేవారు.

మేం దిగిన ఇంట్లో మాంసం, చేప మాట కూడా ఎత్తకూడదు. సజ్జరొట్టె, మజ్జిగ, బెల్లం. పెద్దాయన రెండో రోజుకు ఊరిబిండితో రొట్టె తినడం అలవాటు చేసుకుని, ఆ ఇంటావిడకు కూడా రుచి చూపించారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగినా బాగుందనే అంది.

మొదటి రోజు జీపులో తిరిగితే ఏమీ కనిపించలేదు. ఉప్పు మళ్ళలో పనిచేసేవాళ్ళు కనిపించారు, కొంగలు కనిపించాయి. రెండో రోజు పొద్దున, ఎండ ఇంకా చురుక్కుమనక ముందు, డ్రైవరు జీపు ఆపి చెయ్యి చూపించాడు. ఎనిమిది గాడిదలు. దూరంగా, గడ్డి మిగిలిన చిన్న దిబ్బ పక్కన. మట్టి రంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట, వీపు మీద నల్లటి చార. తల ఎత్తి మా వైపే చూస్తున్నాయి.

మామ జీపు దిగి నిలబడ్డారు. ఆయన తల అటూ ఇటూ తిరుగుతోంది. చూపు మిగిలిన ఆ చిన్న గొట్టంలోకి గాడిదలు రావడం లేదు. "యాడప్పా? యాడ?" అన్నారు. ఆ గొంతులో కంగారు అంతకుముందు ఎప్పుడూ వినలేదు. చచ్చిపోతున్న ఆవు దగ్గర కూడా ఆయన కంగారు పడేవారు కాదు.

పెద్దాయన వెనక నిలబడి, మామ తలను రెండు చేతులతో పట్టుకున్నారు. మెల్లగా ఎడమకు తిప్పారు, రవంత కిందికి వంచారు. "ఆగు. కదలొద్దు. ఇప్పుడు సూడు."

మామ చూశారు. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత మాట్లాడారు.

"ఆ ఎడమ పక్క రెండోది సూడిది. ఆరేడు నెల్ల కడుపుండాది."

నేను డ్రైవరుకు నాకొచ్చిన హిందీలో చెప్పాను. అతను దుర్భిణి పెట్టి చూసి, అవునని తల ఊపి, ఈ తాత ఎవరని అడిగాడు. పెద్దాయనకు ప్రశ్న అర్థమైనట్టుంది. "కాంపౌండరు," అన్నారు తెలుగులోనే.

ఆ మరుసటి ఎండాకాలానికి మామ చూపు పూర్తిగా పోయింది. అప్పుడు అత్తకు చెప్పక తప్పలేదు. ఆమె తిట్టింది, రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు నుంచి చెయ్యి పట్టుకుని నడిపించడం మొదలుపెట్టింది. రైతులు ఆవుల్ని మా ఇంటికే తోలుకొచ్చేవారు. ఆయన కళ్ళు మూసుకుని కడుపు తడిమి నెలలు చెప్పేవారు. చూపు లేని మనిషి కళ్ళు ఎందుకు మూసుకోవాలో నాకు తెలియలేదు, అడగనూ లేదు. ప్రతి నెలా ఒకసారి పెద్దాయన వచ్చి రెండు రోజులు ఉండి పోయేవారు. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకునేవారు కాదు. ఆదివారం వేట మాట మళ్ళీ వచ్చిందో లేదో, వస్తే ఎవరు ఎవరికి ఏం చెప్పుకున్నారో నాకు తెలియదు.

వరండాలో ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాన్ని చూస్తే నాకు ఆయన పోయిన పొద్దు గుర్తు రాదు. గుర్తొచ్చేది రణ్‌లో ఆ పొద్దే.

గాడిదలు పరుగెత్తి వెళ్ళిపోయాయి. దుమ్ము అణిగింది. డ్రైవరు ఫ్లాస్కులోంచి టీ పోసుకుని జీపు నీడకు కూర్చున్నాడు. ఎండ పెరిగేకొద్దీ గాడిదలు పోయిన వైపు నేల మెరవడం మొదలైంది.

"అబ్బా, నీళ్ళుండాయి రా!" అన్నారు పెద్దాయన. "ఇంత చెరువు!"

"ఎండమావులప్పా అవి," అన్నారు మామ, అటు చూడకుండానే.

"కాదు, గట్టు కూడా అగపడతాండాది."

"సరే, పా. పోయి సూద్దాం."

పెద్దాయన మామ భుజం మీద చెయ్యి వేశారు. ఇద్దరూ ఆ తెల్లటి నేల మీద నడిచారు, తొందర లేకుండా, పొలం చూడ్డానికి పోయేవాళ్ళలా. నేను జీపు పక్కనే ఉండిపోయాను. వెనక్కి పిలవాలని అనిపించలేదు. వాళ్ళు దూరమయ్యేకొద్దీ ఆ మెరుపు వాళ్ళ పాదాలను కమ్మింది, తర్వాత పిక్కలను, తర్వాత మోకాళ్ళను. నేను నిలబడిన చోటు నుంచి చూస్తే, ఇద్దరు ముసలివాళ్ళు మోకాటి లోతు నీళ్ళలో ఏదో మాట్లాడుకుంటూ అవతలికి దాటిపోతున్నట్టే ఉంది.